తారుమారైన జాకెట్టు చేతులు

రిటైర్మెంటుకు మూడేళ్ళ ముందు నాకు తెనాలి ఆసుపత్రికి క్లినికల్ సైకాలజిస్టుగా బదిలీ అయింది. మందులు రాసేది డాక్టరుగారు. పరీక్షలు పెట్టడం, మాట్లాడడం నా వంతు. సోమవారం రేపల్లె, గురువారం బాపట్ల క్యాంపులు. మాట్లాడేవాళ్ళకు రెండుచోట్లా కొదవ లేదు.

రేపల్లెలో వలీ అనే జాకెట్ల దర్జీ మా దగ్గరికి వచ్చేవాడు. స్కిజోఫ్రీనియా. లేని మాటలు చెవిన పడడం మందులతో ఆగి ఏడాదయింది. ఒక సోమవారం అతని మేనమామ, షాపు యజమాని కరీంగారు, ఒక జాకెట్టు తెచ్చి నా బల్ల మీద పడేశారు.

"కుడి చెయ్యి ఎడమకి, ఎడమ చెయ్యి కుడికి కుట్టాడండి. ఈ నెల్లో ఇది మూడోది. ఏంట్రా ఇది అంటే పలకడు. పొగరు కాకపోతే ఏంటండి మేడం? రంజానుకి ముందే ఇంకొకర్ని పెట్టుకుంటా."

జాకెట్టు చేతికి ముందువైపు కోత లోతుగా ఉంటుంది. తారుమారైతే చంక దగ్గర పట్టేస్తుంది.

వలీకి ఆ మిషనే బతుకు. అది పోతే మందులూ మానేస్తాడని నా భయం. అందుకే శ్రద్ధ గురించి అరగంట పాఠం చెప్పాను. బుద్ధిగా తలూపాడు. వారం తిరక్కుండా నాలుగోది కుట్టాడు.

అప్పుడు గాని పరీక్ష పెట్టాలని తోచలేదు నాకు. కంప్యూటరు తెరమీద ఒక గుర్తు వస్తే మీట నొక్కాలి, ఇంకోటి వస్తే ఆగాలి. గబగబా వస్తాయి కాబట్టి అందరూ తప్పుతారు. తప్పగానే 'అరెరె' అనుకుని తర్వాతిది కాస్త నెమ్మదిగా నొక్కుతారు. తన తప్పును తానే పసిగట్టి మెదడు చేసే హెచ్చరిక అది. స్కిజోఫ్రీనియాలో చాలామందికి అది బలహీనపడుతుంది. వలీ తప్పు నొక్కాక కూడా అదే జోరు మీద పోయాడు.

మరి ఎదురుగా పెడితే తప్పు కనబడుతుందా? కావాలని చేతులు తారుమారు చేసి ఒక జాకెట్టు కుట్టి తెమ్మన్నాను కరీంగారిని. "ముప్పయ్యేళ్ళుగా కుడుతున్న చెయ్యి అండి, తప్పు కుట్టమంటే రావట్లేదు" అని గొణుగుతూనే తెచ్చారు. వలీ ఒక్కసారి తిప్పి చూశాడు.

"చేతులు తారుమారయ్యాయండి. ఎవరు కుట్టారు మేడం, కొత్తోళ్ళా?"

కరీంగారు కిటికీలోంచి బయటికి చూశారు. నాకు నవ్వొచ్చింది, నా అరగంట పాఠానికి సిగ్గూ వేసింది.

కొలత కోసం ఆడవాళ్ళు ఎలాగూ తమ పాత జాకెట్టు ఇస్తారు, దాన్నే ఆది జాకెట్టు అంటారు. ఒక చెయ్యి కుట్టగానే మిషను ఆపాలి. ఆది జాకెట్టు పక్కన పరిచి సరిచూసుకున్నాకే రెండో చెయ్యి. కుట్టేటప్పుడు పట్టుబడని తప్పు ఆగి చూస్తే కనబడుతోంది కాబట్టి ఆ నియమం పెట్టాం. నెల చూస్తానన్నారు కరీంగారు. ఆ నెల్లో ఒక్కటీ వెనక్కి రాలేదు. రంజాను రద్దీకి ఇంకొకర్ని పెట్టుకున్న మాట నిజమే, వలీ పక్కన రెండో మిషను మీద.

తప్పు దిద్దుకోని మనిషికి బుద్ధి చెప్పే ముందు, తప్పు జరిగిన సంగతి అతనికి తెలిసిందో లేదో కనుక్కోవాలి. అంత సర్వీసున్న నాకు అది తెలియడానికి నాలుగు జాకెట్లు పట్టింది.