గుండీల అత్తకు వచ్చిన మొదటి ఫోను

బళేపేటలో మా సందు వాళ్లందరికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: గుండీల అంగడి ముందున్న ఎర్ర ప్లాస్టిక్ స్టూలు మీద ఈ రోజు నుంచి ఎవరైనా కూర్చోవచ్చు. కాళ్లు చాపుకోవచ్చు. దాని మీద హెల్మెట్ పెట్టినా అడిగే దిక్కు లేదు. అడిగే మనిషి పోయిన సోమవారం పొద్దున ఇంట్లో కాఫీ తాగి, లోటా కడిగి బోర్లించి, కాస్త నడుం వాలుస్తానని పడుకుని మళ్లీ లేవలేదు.

ఆమె నాకు చుట్టం కాదు. సందు మొత్తానికీ అత్త. చొక్కా గుండీలు, లేసులు, జిప్పులు అమ్మేది. ఎదురుగా నా అంగడి, తాళాలూ గొళ్లేలూ. నేను చదివింది ఎనిమిదో తరగతి, అదీ రెండుసార్లు. ఆమె గురించి రాయడానికి నాకున్న అర్హతల్లా, సందులో ఆమె చేత అందరికంటే ఎక్కువ తిట్లు తినడమే.

ఒకసారి ఆమె జిప్పులు తేవడానికి నగర్తపేట పోయినప్పుడు, రెండు కన్నాల గుండీలూ నాలుగు కన్నాల గుండీలూ ఒకే డబ్బాలో కలిపేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నాను. ఆమె తిరిగొచ్చి చూసింది. ఆ రోజు మాత్రం తిట్టలేదు. డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టి, "కలిపినోనికే తెలుస్తాది ఎట్ల కలిపినాడో. వేరు చెయ్యప్పా" అంది. పొద్దుగూకే దాకా ఏరాను. తాళాలు కొనడానికి వచ్చినవాళ్లు కూడా నిలబడి నవ్విపోయారు.

గుండీ కావాలని వచ్చినవాణ్ని ఆమె ఊరికే పంపేది కాదు. పాతది ఎక్కడ ఊడింది, ఎట్లా ఊడింది, ఇంట్లో ఎవరూ చూడలేదా, అన్నీ చెప్పాలి. "ఊడినాక ఎతికితే ఏం లాభం? వదులైనప్పుడే చూసుకోవల్ల" అనేది. ఈ అడిగే అలవాటే ఆమెను రేడియో ఎక్కించింది.

రెండు వీధుల అవతల ఒక మేడ మీద చిన్న రేడియో స్టేషన్ పెట్టారు. మా పేటల వరకే వినబడుతుంది. సందుల్లో కష్టాలు జనం ఫోన్ చేసి చెప్పుకునే కార్యక్రమం మొదలుపెట్టాలని, మాట్లాడించే మనిషి కోసం అక్కడి మేడమ్ మా సందుకొచ్చింది. బాగా చదువుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

"చదువుకున్నోళ్లు ఈ సందులో నిలబడేది బండి పెట్టను జాగా దొరికేదాకే" అంది అత్త.

మేడమ్ ఆమెనే తీసుకుపోయింది. షరతు ఒకటే. నాలుగు బుధవారాలు చూస్తారు. ఫోన్లు రాకపోతే ఆ అరగంట సినిమా పాటలకు పోతుంది.

అత్తకు కావలసిందీ ఒకటే. సందు చివర ఆడవాళ్ల టాయిలెట్ ఉంది. దానికి ఎప్పుడూ తాళమే. చూసుకునే కాంట్రాక్టరు వేశాడు. తాళం నా అంగడిదే, మంచి తాళం. గాజుల అంగళ్లలో, బట్టల అంగళ్లలో పనిచేసే ఆడవాళ్లు పొద్దున వచ్చింది మొదలు ఇంటికి పోయేదాకా నీళ్లు ముట్టరు. అత్త లోటా చాపితే అందరిదీ ఒకటే మాట: "ఇప్పుడే తాగొచ్చినానత్తా." అదంతా మర్యాద అనుకునేవాణ్ని నేను.

"రెండు నిమిషాల్లో తీసేస్తాను గదత్తా ఆ తాళం" అన్నాను.

"సుమ్నే, ఊరికే ఉండు. నువ్వు తీస్తే వాడు మళ్లా నీ అంగట్లోనే ఇంకోటి కొంటాడు. వేసినోని చేతనే తీయించల్ల."

రేడియోలో ఆమె ఎదురంగడి వాణ్ని పిలిచినట్టు అరిచేది. వారం వారం మైకును వెనక్కి జరుపుతూ పోయారు. మూడో వారానికి అది తలుపు దగ్గర ఉంది. ఫోన్ మాత్రం ఒక్కటీ రాలేదు. పేట మొత్తం వింటుంటే ఆ మాట ఏ ఆడమనిషి చెప్తుంది? ఆ రోజు తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుని, "ఇంకొక్క వారమే ఉండాదప్పా" అంది. ఆమె గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు అప్పుడే తెలిసింది.

అప్పుడు నా బుర్రలో ఒక ఆడమనిషి పుట్టింది. చందాపుర చెన్నమ్మ. గొంతులు మార్చడంలో నాకు పేరుంది. మా మరదలి గొంతుతో మా ఆవిడకే ఫోన్ చేసి, రెండు రోజులు అన్నం లేకుండా ఉన్నవాణ్ని. నాలుగో బుధవారం మేకుల మూటల వెనక నక్కి ఫోన్ చేశాను. ఆఖరి వారమని తెలిసి సందులో అందరూ రేడియో పెట్టుకున్నారు.

"అత్తా, చెన్నమ్మను. చందాపుర నుంచి బస్సులో వస్తాను. గాజులు డబ్బాలకు పేరుస్తాను."

"చెప్పమ్మా. నీకేం కష్టం?"

"కష్టమేం లేదత్తా. పొద్దున ఇల్లు విడిస్తే మళ్లా ఇంటికి పోయేదాకా నీళ్లు తాగను, అంతే."

"ఎందుకు తాగవు?"

"తాగితే యాడికి పోవల్ల?"

నేను ఫోన్ పెట్టేశాను. వెంటనే రేడియోలో ఇంకో ఫోన్ మోగింది. ఈసారి నిజం మనిషి, మా సందులోనే గాజుల అంగట్లో పనిచేసే ఆమె. "ఆ చెన్నమ్మ ఎవురో నాకు తెలీదు. నేనూ తాగనత్తా" అంది. ఇంకో ఆమె, "మా అంగట్లో ముగ్గురం తాగం" అంది. అరగంట అయిపోయినా మోగుతూనే ఉంది.

పై బుధవారం కాంట్రాక్టరునే ఫోన్లోకి తెచ్చారు. తాళంచెవి పోయిందన్నాడు.

"పోతే పోనీప్పా. తాళం అమ్మినాయన నా ఎదురుగానే ఉండాడు. చెవి ఆయప్ప చేసిస్తాడు. నువ్వొచ్చి నీ చేత్తో తియ్యి, చాలు."

మర్నాడు సందంతా చూస్తుండగా నేను చెవి చేసిచ్చాను, ఆయన తీశాడు. సినిమా పాటలు ఆ అరగంటలోకి మళ్లీ రాలేదు. చెన్నమ్మను పిలిపించి మాట్లాడిద్దామని రేడియో వాళ్లు చాలాసార్లు అడిగారు. "ఆయమ్మకు సిగ్గెక్కువ" అనేది అత్త, నా అంగడి వైపు చూస్తూ.

ఇంతదూరం చదివారు గనక ఒకటి ఒప్పుకుంటాను. చెన్నమ్మ నా బుర్రలో పుట్టిందని పైన రాశాను. అది శుద్ధ కల్పన. ఇన్నేళ్లూ రేడియో వాళ్ల చెవిన పడకుండా అట్లాగే చెప్పుకుని ఊళ్లోవాళ్ల కాఫీలు తాగాను. ఆ మూడో బుధవారం సాయంత్రం అత్త, గుండీలు కుట్టి ఉండే అట్ట ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. వెనకవైపు ఆమె చేతిరాత. చెన్నమ్మ పేరు, ఊరు, మాటలు, అన్నీ అందులో ఉన్నాయి.

"నా గొంతు అందరికీ తెలుసు. నీ దొంగ గొంతు ఒక్కసారి పనికి రానీ" అంది.

"ఎవరత్తా ఈ చెన్నమ్మ?"

"ఆ స్టూలు మీద ముప్పయ్యేండ్లు నీళ్లు తాగకుండా కూచున్నది" అని లేచిపోయింది.

అట్ట నా సొరుగులో ఉంది, నాలుగు తెల్ల గుండీలతో సహా. స్టూలు మీద ఇంతవరకూ ఎవరూ కూర్చోలేదు. నిన్న ఎవరో దాని మీద స్టీలు బిందె పెట్టి, పైన లోటా బోర్లించారు. పదకొండు గంటలకు గాజుల అంగడి ఆమె వచ్చి, నిలబడే ఒక లోటా తాగింది. మూతి తుడుచుకుని, ఇంకో లోటా ముంచుకుంది.