రేవతి నాడి చూసింది నేనే

తొమ్మిదేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేక కక్కలేక చస్తున్నాను. ఈ రోజు కక్కేస్తాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను, తెలిసినవాళ్ళయితే చెప్పేదాన్ని కాదు. ఒకటే షరతు. చదివాక 'పాపం, చిన్న వయసు, తెలియక చేసింది' అనకండి. తెలిసే చేశాను. ఆ ఓదార్పేదో మీ దగ్గరే ఉంచుకోండి, నాకు అక్కర్లేదు.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. నాన్న కూడా అక్కడే చేసి రిటైరయ్యాడు. మా తరం వచ్చేసరికి ఉద్యోగం దొరకడం గగనమైపోయింది. పరీక్షలు రాసి రాసి విసిగిపోయినవాళ్ళు ఇంటికొకరు ఉన్నారు. పరిగెత్తగలిగినవాళ్ళకి మాత్రం స్పోర్ట్స్ కోటా అని ఇంకో దారి ఉండేది. నేను ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తేదాన్ని. రేవతి కూడా అదే. ఆ ఏడాది మా పరుగుకి ఉన్నది ఒక్కటే పోస్టు. రేవతికి ఇరవయ్యేళ్ళు, ఇంకా బోలెడు కాలం ఉంది. నాకు ఆ తరవాతి ఏడాదికి వయసు దాటిపోతుంది.

రేవతి అంటే నాకు ఇష్టం ఉండేది కాదు. చెల్లెలిలా చూసుకున్నానని ఇప్పుడు మంచితనం ఒలకబోయలేను. పొద్దున్నే తాల్‌బగీచాలోని ఇంటి నుంచి సైకిలు మీద మైదానానికి నవ్వుకుంటూ వచ్చేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. మూడేళ్ళు చెమటోడ్చి నేను తెచ్చుకున్న టైముని అది ఒక్క వేసవిలో దాటేసింది. దాటేసి, అంతా అక్కే నేర్పిందని ఊరంతా చెప్పుకునేది. దానికి కాస్త పొగరు ఉన్నా బాగుండేది, అప్పుడు నా కోపానికి ఒక కారణం దొరికేది.

మా కోచ్ ఒక రిటైరైన గూడ్స్ బండి డ్రైవరు. అందరం డ్రైవర్ మాస్టారు అనేవాళ్ళం. బండి ఎక్కే ముందు డ్రైవరు రిజిస్టరులో సంతకం పెట్టాలి, తాగలేదని మిషన్‌లోకి ఊదాలి, రెస్టు పూర్తయిందో లేదో ఇంకొకరు చూడాలి. ఆ పద్ధతినే ఆయన మైదానంలోకి తెచ్చాడు. పొద్దున్నే వచ్చి చాప మీద పది నిమిషాలు కదలకుండా పడుకోవాలి. ఆయన మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టేవాడు. నిద్ర పట్టిందా, అన్నం తిన్నావా, ఎక్కడైనా నొప్పి ఉందా అని అడిగేవాడు. అన్నీ పొడుగాటి రిజిస్టరులో ఎక్కించేవాడు. నాడి మామూలుకంటే పది ఎక్కువుంటే ఒళ్ళు తేరుకోలేదని లెక్క, ఆ రోజు పరుగు లేదు. మూడు రోజులు వరసగా అలాగే ఉంటే వారమంతా లేదు. ఎవరి నాడి వాళ్ళని చూసుకోనిచ్చేవాడు కాదు. రెస్టు లేని డ్రైవరు ఎప్పుడూ బాగున్నాననే అంటాడు, అందుకే పక్కవాడు చూడాలి అనేవాడు.

రెస్టు లేకుండా పరిగెత్తితే వచ్చే జబ్బు అంతకు ముందు ఏడాది నాకే వచ్చింది. జబ్బు అనాలో ఏమనాలో. ఒళ్ళంతా హూనమైనా నిద్ర పట్టేది కాదు, కంచం ముందు కూర్చుంటే వికారం, అమ్మ పలకరిస్తే విసుక్కునేదాన్ని, జలుబు ఒకటి పట్టి నెలయినా వదల్లేదు. టైము పడిపోతోందని ఇంకా ఎక్కువ పరిగెత్తాను, పరిగెత్తినకొద్దీ ఇంకా పడిపోయింది. మాస్టారు మూడు వారాలు నన్ను మైదానం గేటు దాటనివ్వలేదు. ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. నాలుగో వారం పరిగెడితే ఇవి నా కాళ్ళేనా అనిపించింది. కాబట్టి ఆ గుర్తులు నాకు తెలుసు. ఈ ఊళ్ళో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆ పోస్టుకి పెట్టే ట్రయల్స్ రెండు నెలలుందనగా మాస్టారు కంటి ఆపరేషన్‌కి శ్రీకాకుళంలో అక్కగారింటికి వెళ్ళాడు. వెళ్తూ రిజిస్టరు నా చేతిలో పెట్టాడు. పడి లేచినదానివి, నీకైతే తెలుస్తుంది అన్నాడు. రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు, నేను అంకెలు చదివేదాన్ని.

రేవతి మామూలు నాడి యాభై నాలుగు. మొదటి రెండు వారాలు ఉన్నది ఉన్నట్టే రాశాను. మూడో వారం ఒక రోజు అరవై ఒకటి వచ్చింది. అదీ రాశాను. మర్నాడు అరవై ఆరు. దాని చెయ్యి నా చేతిలోనే ఉంది, నా వేళ్ళ కింద నాడి టకటకా కొట్టుకుంటోంది. కళ్ళు మూసుకునే అడిగింది, ఎంతక్కా అని. యాభై ఐదు అన్నాను.

ఇక్కడ మొదట 'నా ప్రమేయం లేకుండా నోరు అనేసింది' అని రాసి కొట్టేశాను. నోరు దానంతటది ఏమీ అనదు. నేనే అన్నాను. అని, కలం తీసి, దాని పేరు పక్కన, అంకె కూడా వంకర పోకుండా యాభై ఐదు రాశాను. సాయంత్రం ఫోన్లో అదే చదివాను. మాస్టారు సంతోషించాడు.

ఆ తరవాత కష్టమే అనిపించలేదు. మీకు చెప్పాల్సింది ఇదే. మొదటి రోజు రాసేముందు అటూ ఇటూ చూశాను, నాలుగో రోజుకి చూడలేదు. దాని మొహం పీక్కుపోయింది. ఉడకబెట్టిన గుడ్డు డబ్బాలో తెచ్చుకుని తినకుండా కుక్కకి వేసేది. వాళ్ళమ్మ మీద ఎన్నడూ గొంతెత్తని పిల్ల ఒకసారి గేటు దగ్గర ఆమె మీద అరిచింది, అరిచి తనే ఏడ్చింది. టైము రోజురోజుకీ దిగజారుతుంటే, నాడి బాగానే ఉంది కదా, మరి నా బద్ధకమే అయ్యుంటుంది అనుకుని సాయంత్రం రోడ్డు మీద కూడా పరుగు మొదలుపెట్టింది. ఎక్కువ పరిగెత్తమని నేను ఒక్కనాడూ అనలేదు. చాలా ఏళ్ళు ఈ ముక్క పట్టుకుని వేలాడాను. నేను చెప్పిన అంకే దాన్ని పరిగెత్తించింది, ఇక నేను వేరే అనడం ఎందుకు?

ఆ తరవాత అది కూడా అన్నాను. ట్రయల్స్‌కి పది రోజులుంది. గ్యాలరీ మెట్టు మీద కూర్చుని బూటు లేసు సగం కట్టి ఆపేసింది.

"అక్కా, నాకు ఏటో బాగునేదు. రేత్రి నిద్దరట్టడం నేదు. ఈ కాలెముక ముట్టుకుంటే సాలు, పేణం పోతంది."

"ఏటీ నేదు. ట్రయల్సు దగ్గరకొచ్చినాయి కదా, భయం. నాడి బంగారంలాగుంది."

"రెండ్నెల్లయినాది, నెలసరి కూడా రానేదక్కా. ఒకపాలి డాక్టరు దీదీకి సూపించుకోనా? రెండ్రోజులు రెస్టు తీసుకుంటాను."

"పరిగెత్తినోలకి అది మామూలేనే. ఇప్పుడు రెండ్రోజులు కూకున్నావంటే అంతా పోతాది. రిజిస్టరు సూసుకో. నీ ఒళ్ళు బాగానే ఉంది, బాగునేనిది నీ బుర్రే."

అది వంగి లేసు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"అయితే నాకే అలాగ అనిపిస్తందేమో. ఠీక్ హై అక్కా."

లేసు కట్టుకుని లేచింది. ఆ పొద్దున నేను లెక్కపెట్టిన నాడి డెబ్బై ఒకటి.

ట్రయల్స్‌లో రెండో రౌండు మలుపు దగ్గర నా ముందు రెండడుగుల్లో పరిగెడుతున్న రేవతి పరిగెడుతున్నట్టే కూలిపోయింది. కాలెముక అప్పటికే బీటలు వారి ఉందట, ఆ రోజు విరిగింది. నేను ఆగలేదు. ఆగితే ఏమొస్తుంది అని మీరు నా తరఫున అంటారేమో, అనకండి. దాన్ని దాటేటప్పుడు నాకు సంతోషం కలిగింది. క్షణమో రెండు క్షణాలో. ఆ సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఉద్యోగం వచ్చిన రోజు మాత్రం సరిగ్గా గుర్తులేదు.

మాస్టారు తిరిగి వచ్చి, ఆపరేషన్ అయిన కంటితో రిజిస్టరు రెండుసార్లు తిరగేశాడు. నేను పక్కనే నిలబడ్డాను. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది? చెప్పలేదు. ఆయన రిజిస్టరు మూసి, అంకెల్లో తప్పేమీ లేదు, పిల్ల ఒళ్ళే ఈ పనికి సరిపడేది కాదు అన్నాడు. అదే మాట మంచం మీదున్న రేవతికి నెమ్మదిగా, ప్రేమగా చెప్పాడు. జీవితమంతా రిజిస్టరుని నమ్మిన మనిషి. పిల్ల మాటకంటే నా రాతే ఎక్కువైంది ఆయనకి. రేవతికీ అంతే. మూడేళ్ళ కిందట ఆయన పోయాడు, ఆ మాట నమ్ముతూనే పోయాడు.

రేవతి మళ్ళీ పరిగెత్తలేదు. పెళ్ళయింది. ప్రేమ్ బజార్‌లో స్టూడెంట్లకి జిరాక్సులు తీసే చిన్న దుకాణం భర్తా తనూ నడుపుతున్నారు. నేను అటు వెళ్తే కుర్చీ తుడిచి వేస్తుంది, చాయ్ తెప్పిస్తుంది. మాస్టారు లేనప్పుడు అక్క నన్నెంత కనిపెట్టుకుని చూసిందో అని భర్తకి చెబుతుంది. అప్పుడు నాకు దాని మీద ఎంత అసహ్యం వేస్తుందో మీకు చెప్పలేను. నా మీద వేయాల్సింది దాని మీద వేస్తుంది. చాయ్ వేడిగా ఉండగానే గుటగుటా తాగేసి లేచి వచ్చేస్తాను.

పోయిన నెల దాన్ని ఆసుపత్రిలో పడేశారని తెలిసి వెళ్ళాను. నాలుగు రోజులు కడుపులో నొప్పితో జిరాక్సు మిషన్ దగ్గర నిలబడే ఉందట. ఎవరికీ చెప్పలేదు. ఐదో రోజు పడిపోతే తీసుకెళ్ళారు. అపెండిక్స్ పగిలి లోపలంతా చీము. ఇంకొక్క పూట ఆగి ఉంటే దక్కేది కాదని డాక్టరు తిట్టాడు. ఎందుకు చెప్పలేదే అని నేనూ తిట్టాను. సిగ్గు లేకుండా నేను తిట్టాను.

"నా ఒళ్ళెప్పుడూ ఏదోటి గోల సేస్తానే ఉంటాది కదక్కా," అని నవ్వింది. "అప్పుడూ అంతే కదా, నాడి బాగున్నా ఏటేటో అనిపించీది. దీని మాట నమ్మకూడదని నీ దగ్గరే నేర్సుకున్నాను."

ఇన్నాళ్ళూ నేను తీసుకున్నది ఒక ఉద్యోగం అనుకున్నాను. అంతే అయితే ఎలాగోలా మోసేదాన్నేమో. రేవతి తన నొప్పిని తను నమ్మడం మానేసింది. రేపు మళ్ళీ ఏదైనా వస్తే మళ్ళీ నవ్వుతూ నిలబడే ఉంటుంది, ఈసారి ఎవరూ సమయానికి చూడకపోవచ్చు. ఒక్క వాక్యం చెబితే చాలు. మంచం పక్కన గంటసేపు కూర్చుని, బత్తాయి తొనలు ఒలిచి పెట్టి, ఆ వాక్యం చెప్పకుండా ఇంటికి వచ్చాను.

వచ్చి, ఇది రాయడం మొదలుపెట్టాను. నన్ను మెచ్చుకునేముందు ఇంకొకటి కూడా వినండి. రేవతి హిందీ మీడియంలో చదివింది. తెలుగు మాట్లాడుతుంది గానీ అక్షరం ముక్క చదవడం రాదు. నాకు హిందీ బాగానే వచ్చు, ఆఫీసులో రోజంతా రాసేది అందులోనే. అయినా దీన్ని తెలుగులో రాశాను. మొదటి వాక్యం రాస్తున్నప్పుడే తెలుగులో ఎందుకు రాస్తున్నానో నాకు తెలుసు. ఇప్పుడు గుండె తేలిగ్గా ఉంది, రేవతికి మాత్రం ఏమీ తెలియలేదు.

మీలో ఎవరైనా ప్రేమ్ బజార్ వైపు వెళ్ళి దీన్ని దానికి చదివి వినిపిస్తే నేను అడ్డుపడను. అంతా చదవక్కర్లేదు. నీ ఒళ్ళు ఆ రోజు నిజమే చెప్పింది, అబద్ధం చెప్పింది నీ చెయ్యి పట్టుకున్న మనిషి అని చెప్పండి. అది నమ్మకపోతే నా దగ్గరికి పంపండి.