కరెంటు లేని మధ్యాహ్నం, ఐదు గిటార్లు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. లోకంలో అసలు ఎన్ని విషయాలున్నాయో తెలియకపోవడమే అందుకు కారణమని ఇప్పుడు అర్థమవుతోంది గానీ, ఇరవై రెండేళ్ళ వయసులో, చెరుకుపల్లి స్కూల్లో కొత్తగా టీచరుద్యోగం వచ్చి, చేతికి వాచీ, భుజానికి హ్యాండ్‌బ్యాగూ తగిలించుకుని రేపల్లె నుంచి రోజూ బస్సులో వెళ్ళివస్తున్న మనిషికి అంత వివేకం ఎక్కడినుంచి వస్తుంది? పైగా నేను గిటారు వాయించేదాన్ని. మా చర్చినే మేం గుడి అంటాం, ఆ గుడి క్వైర్‌లో, అంటే పాటల బృందంలో, ప్రతి ఆదివారం కీర్తనలకి గిటారు నాదే. నాకొచ్చినవి నాలుగంటే నాలుగు కార్డ్స్, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు. ఆ నాలుగింట్లో ఇమడని పాట ఏదైనా వస్తే మా బాబాయి (క్వైర్ మాస్టరు ఆయనే, నేను ఉండేది కూడా వాళ్ళింట్లోనే) “ఈ పాట మన సంఘానికి కుదరదు” అని పక్కన పెట్టేసేవాడు. రేపల్లె మొత్తం మీద నన్ను మించిన గిటారిస్టు లేరని మా వాళ్ళందరికీ గట్టి నమ్మకం. మా గుడి వాళ్ళకి తెలిసినంతలో రెండో గిటారే ఊళ్ళో లేదన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు.

ఆ ఉన్న ఒక్క గిటారు పరిస్థితీ అంతంతమాత్రం. మెడ దగ్గర చీలితే బాబాయి బంక పూసి, పైన సైకిలు ట్యూబు ముక్క చుట్టాడు. క్వైర్‌లో అందరూ కలిసి గొంతెత్తితే నా వాయింపు నాకే వినపడేది కాదు. సరిగ్గా ఆ సమయంలో బాపట్ల నుంచి మా దూరపు బంధువు షిప్పు తాతయ్య ఉత్తరం రాశాడు. ఆయన ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. వెళ్ళిన రేవుల్లో ఎలక్ట్రిక్ గిటార్లు కొనుక్కొచ్చి దాచుకున్నాడని మా వాళ్ళలో కథలుగా చెప్పుకునేవారు. ఉత్తరంలో ఉన్నది ఇంతే: నా చేతివేళ్ళు ఇక మాట వినడం లేదు, ఉన్నవాటిలో ఒకటి మీ గుడికిస్తాను, వాయించే మనిషి స్వయంగా వచ్చి అన్నీ పోల్చి చూసుకుని ఒకటి ఎంచుకోవాలి, ఎందుకు ఎంచుకున్నదీ చెప్పాలి, కారణం నాకు నచ్చకపోతే ఏదీ ఇవ్వను.

బాబాయి ఆ ఉత్తరం చదివి, చివరి వాక్యం తప్ప మిగతాదంతా ఆదివారం నాడు సంఘం ముందు ప్రకటించేశాడు. ఈ క్రిస్మస్‌కి మన గుడిలో ఎలక్ట్రిక్ గిటారు అన్నాడు. చప్పట్లు కొట్టారు. వట్టి చేతులతో తిరిగొస్తే మా ఇద్దరికీ గుడి మెట్లెక్కే ముఖం ఉండదని నాకప్పుడే తెలిసింది. కానీ నాకు భయం వెయ్యలేదు. పోల్చడమే కదా అనుకున్నాను.

రెండో శనివారం పొద్దున్నే రేపల్లెలో రైలెక్కాం. తెనాలిలో బాపట్ల వైపు వెళ్ళే బండికి గంటన్నర వ్యవధి ఉంది. బాబాయికి అక్కడ రేడియోలూ యాంప్లిఫయర్లూ బాగుచేసే స్నేహితుడున్నాడు, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో గిటారు కూడా వాయిస్తాడు. ఆయన కొట్టుకి వెళ్ళి, ఎదురుగా స్టూలు మీద కూర్చుని నేను నోటుబుక్కు తెరిచాను. “తీగల కింద అయస్కాంతం, దానికి చుట్టిన తీగా ఉంటాయమ్మా, పికప్పంటారు. చుట్ట ఒకటే ఉంటే సన్న గొంతు, గలగల్లాడుద్ది. రెండు చుట్టలు జంటగా ఉంటే లావు గొంతు, గుండెలో మోగుద్ది. మెడ దగ్గర పికప్పు మెత్తన, కింద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గరది పదును. స్విచ్చి తిప్పితే ఒకదాన్నించి ఇంకోదానికి మారుద్ది,” అన్నాడాయన. నేను అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, రైల్లో సండేస్కూలు వాక్యాల్లా కంఠతా పట్టాను. అతి ముఖ్యమైన సంగతి ఒకటి ఆయన చెప్పలేదు. అది కూడా చెప్పాల్సి వస్తుందని ఆయనకేం తెలుసు?

షిప్పు తాతయ్యది బాపట్లలో స్టేషనుకి దగ్గర్లో పెంకుటిల్లు. మేం వెళ్ళేసరికి ఒంటిగంటయింది. మజ్జిగ ఇచ్చి లోపలి గదిలోకి తీసుకెళ్ళి కిటికీ తలుపులు తెరిచాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. గోడకి వరసగా ఐదు గిటార్లు. ఒకటి ఎర్రగా, పల్చగా, కొమ్ములతో. ఒకటి నల్లగా, దిట్టంగా, అంచుకి తెల్లటి గీతతో. ఒకటి తేనెరంగుది, వెడల్పాటిది, లోపల డొల్ల, పైన ఫిడేలుకి ఉన్నట్టు చీలికలు. ఒకటి తెల్లది, దానికి పన్నెండు తీగలు. చివరిది నీలం, ఛాతీ నిండా స్విచ్చిలే. వాటిమీద ఎక్కడా దుమ్ము లేదు. నాకు ఎందుకో చెప్పులు విప్పాలనిపించింది, కిందికి చూస్తే అప్పటికే వీధిలో విప్పేశాను.

“చూసుకోండమ్మా. తొందరేం లేదు,” అని ఆయన పడక్కుర్చీలో కూర్చున్నాడు.

ఎర్రదాన్ని దింపుదామని, అనువుగా కనపడిన ఒక ఇనప పిడి పట్టుకుని పైకెత్తబోయాను. (అది ఎత్తే పిడి కాదనీ, తీగల్ని వణికించే చెయ్యి అనీ తర్వాత తెలిసింది.) షిప్పు తాతయ్య కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. ఒళ్ళో పెట్టుకుని మీటాను. దోమ పాడినట్టు చిన్న శబ్దం. అయినా నేను కంగారు పడలేదు. ఎలక్ట్రిక్ గిటారంటే మామూలు గిటారే, కరెంటు పెడితే మైకులో మాట్లాడినట్టు పెద్దగా వినిపిస్తుంది, అంతకు మించి తేడా ఏముంటుందని నా అభిప్రాయం. అసలు గొంతు లోపల ఉండనే ఉంటుంది, చెవి పెట్టి వింటే సరిపోతుంది. చెవి పెట్టాను.

“ఒక్క చుట్ట పికప్పులండి. అందుకే గలగల్లాడుతోంది,” అన్నాను.

“అలాగా,” అన్నాడు షిప్పు తాతయ్య.

“చెప్పవే, ఇంకా చెప్పు,” అన్నాడు బాబాయి, నా చదువు చూసి పొంగిపోతూ.

చెప్పాను. నల్లదాన్ని ఎత్తితే తొడలు నొప్పెట్టాయి. మీటితే టక్కుమంది. రెండేసి చుట్టలున్నాయి గానీ ఇది మూగదండి, చెక్క మరీ బరువైపోయి నాదాన్ని మింగేస్తోందండి అని తేల్చేశాను. తెల్లదాని పన్నెండు తీగలూ దండగ అన్నాను. తేనెరంగుది మాత్రం డొల్లగా ఉండడంతో గదంతా వినపడేలా బాగానే మోగింది. కానీ అది మన మామూలు గిటారు లాగే ఉంది, ఇంతదూరం వచ్చి మామూలుది తీసుకెళ్ళడమేంటండీ అన్నాను. ఇక నీలిరంగుది. దాని ఆరు స్విచ్చిలూ ఒక్కొక్కటే నొక్కుతూ, నొక్కినప్పుడల్లా మీటుతూ, కళ్ళు మూసుకుని విన్నాను. “స్విచ్చి స్విచ్చికీ గొంతు మారిపోతోందండి! ఇదిగోండి, ఇది మెత్తన. ఇది పదును.”

“అవునవును, నాకూ తెలుస్తోంది,” అన్నాడు బాబాయి.

షిప్పు తాతయ్య మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. “ఆ మూడోది ఇంకోసారి నొక్కమ్మా,” అన్నాడు. నొక్కాను. “ఊఁ” అని భుజం మీది తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం చాలాసేపు సాగింది. నేను నోటుబుక్కులో నీలిరంగుదానికి మొదటి ర్యాంకు వేశాను, నల్లదానికి చివరి ర్యాంకు. స్కూల్లో నేను పిల్లలకి ర్యాంకులు వేసేది కూడా ఇంచుమించు ఇంత ధీమాగానే.

నాలుగింటికి మా నెత్తిమీద ఏదో కిర్రుమంది. ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. అంతసేపూ కరెంటు లేదన్న సంగతి మాకు తట్టనే లేదు, మా ఊళ్ళో లేకపోవడమే అలవాటు కాబట్టి. షిప్పు తాతయ్య కుర్చీలోంచి లేచి, మూలనున్న బట్ట తీస్తే దానికింద పెద్ద పెట్టెలాంటి యాంప్లిఫయరు కనపడింది. స్విచ్చి వేస్తే ఎర్ర దీపం వెలిగింది. “లోపలి గాజు వాల్వులు వేడెక్కాలి. ఒక్క నిమిషం. ఆ తర్వాత మొదలెడదామా అమ్మా?” అన్నాడు.

మొదలెట్టడమేంటో నాకు బోధపడలేదు. నా ర్యాంకులన్నీ పూర్తయిపోయాయి కదా. ఆయన నల్లదాన్నే ముందు తీశాడు. యాంప్లిఫయరు వైరు గుచ్చి, ఒక గుండీ తిప్పి, ఒకే ఒక్క స్వరం మీటాడు.

ఏం చెప్పను? ఆ స్వరం మొదలైంది గానీ అయిపోలేదు. నేను ఊపిరి బిగపట్టి, ఇక అయిపోతుందని చూస్తుంటే అది ఇంకా పెరిగింది. కింద గచ్చు మీదుగా నా అరికాళ్ళలోకి వచ్చింది. కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. గొంతు ఎత్తి పాడే మనిషికైనా ఎక్కడో ఒకచోట ఊపిరి ఆగుతుంది, దానికి ఆ అవసరమే లేదు. మూగదని నేను రాసిపెట్టిన గిటారు అది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి, సిగ్గుతోనో మరి దేనితోనో ఆ క్షణాన విడదీసి చెప్పలేకపోయాను. బాబాయి ప్రార్థనలో నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడిపోయాడు.

ఒక్కొక్కటే వాయించాడాయన. ఎర్రది గలగల్లాడింది, నేనన్నట్టు కాదు, సూర్యకాంతి పడ్డ నీళ్ళలా. ఆ ఇనప చెయ్యి కదిపితే స్వరం మొత్తం ఊగింది. తెల్లది పన్నెండు తీగలతో ఒక్కసారే ఒక క్వైర్‌లా పాడింది. తేనెరంగుది వెచ్చగా, గుమ్మటంలో మోగినట్టు మోగింది గానీ యాంప్లిఫయరుకి మరీ దగ్గరగా తిప్పితే ఊళ పెట్టింది. నా మొదటి ర్యాంకుది బుర్రుమని, ఆ బుర్రులోంచే ఏదో గొణిగింది. ఆరు స్విచ్చిలూ నొక్కి చూపించాడు. ఆరింటికీ అదే గొణుగుడు.

“ఐదు స్విచ్చిలు ఎప్పుడో చచ్చిపోయాయమ్మా,” అన్నాడు మెల్లగా.

తెనాలిలో ఆయన చెప్పని సంగతి అప్పుడు తెలిసింది, కరెంటు పెడితే తప్ప పికప్పుకి గొంతే ఉండదని. నోటుబుక్కు ఎక్కడ దాచుకోవాలో తెలియక దానిమీదే కూర్చున్నాను. “మరి ముందే చెప్పలేదేంటండీ తాతయ్యగారూ?”

“కరెంటు పెట్టకుండా ముందు చెక్క ఎలా మోగుద్దో వినేవాళ్ళుంటారమ్మా, బాగా తెలిసినవాళ్ళే. నువ్వూ ఆ బాపతనుకున్నా. ఆ స్విచ్చిల దగ్గరే కొంచెం అనుమానమొచ్చింది,” అని నవ్వాడు.

ఆ తర్వాత ఆయన నవ్వడం మానేసి నా వంక చూశాడు. “ఇప్పుడు చెప్పు. ఏది కావాలి? ఎందుకు?”

నాకు కావలసింది నల్లది. అందులో రెండో ఆలోచనకి చోటే లేదు. ఇంత ఇష్టం అంతకు ముందు నాకు ఏ వస్తువు మీదా, నిజం చెప్పాలంటే ఏ మనిషి మీదా కూడా కలగలేదు. నోరు తెరిచాను. తెరిచాక, మా గుడి కళ్ళముందుకొచ్చింది. చిన్నపిల్లలు వరసగా నిలబడి, శ్రుతి కోసం నా వైపు చూస్తూ పాట అందుకోవడం కనపడింది. పాట మధ్యలో కరెంటు పోవడం కనపడింది. ఒంటిగంట నుంచీ నేను మీటిన ఆ టక్కు శబ్దం గుర్తొచ్చింది.

“తేనెరంగుదండి,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. “మా రేపల్లెలో కరెంటెప్పుడుంటదో ఎప్పుడు పోద్దో తెలవదండి. పోయిందంటే మిగతా నాలుగూ ఉత్త చెక్కలే. ఇదొక్కటే అప్పుడు కూడా పాడుద్దండి.”

షిప్పు తాతయ్య యాంప్లిఫయరు స్విచ్చి ఆపేశాడు. ఇక పోయింది, వట్టి చేతులే అనుకున్నాను. బాబాయి నా వెనక గొంతు సవరించుకోవడం వినపడింది. “ఈ కారణం నాకెప్పుడూ తట్టలేదమ్మా,” అని ఆయన లేచి, తేనెరంగుదాన్ని మెత్తటి గుడ్డతో ఒకసారి తుడిచి, నా చేతుల్లో పెట్టాడు. ఓ చిన్న యాంప్లిఫయరు కూడా ఇచ్చాడు. తిరుగు రైల్లో బాబాయి ఆ గిటారుని పసిబిడ్డని పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరడిగినా, మా అమ్మాయి కరెంటు లేకుండానే ఐదు గిటార్ల గుట్టూ చెప్పేసిందని చెప్పాడు. నేను ఖండించలేదు.

క్రిస్మస్ ఆరాధనకి షిప్పు తాతయ్య రేపల్లె వచ్చాడు. రెండో కీర్తన సగంలో దీపాలు ఆరిపోయాయి, ఫ్యాన్లు ఆగిపోయాయి. యాంప్లిఫయరు మూగబోయింది. తేనెరంగుది ఆగలేదు. పిల్లలూ ఆగలేదు. బాబాయి అటు తిరిగి ముందు బల్ల మీద కూర్చున్న ఆయన వంక విజయగర్వంతో చూశాడు. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు.

భోజనాల దగ్గర నేను వడ్డిస్తుంటే ఆయన అన్నాడు. “ఆ రోజు నువ్వు నల్లదాన్ని అడుగుతావనుకున్నానమ్మా. వినేటప్పుడు నీ మొహం చూశాగా. అడిగుంటే ఇచ్చేసేవాణ్ణి.”

“కారణం చెప్పకపోయినా ఇచ్చేసేవారాండీ?”

“అది విన్నాక కారణం ఎవరు చెప్పగలరమ్మా? నేను మాత్రం చెప్పగలనా?”

ఆ తర్వాత రెండుసార్లు బాపట్ల వెళ్ళి నల్లదాన్ని వాయించుకొచ్చాను. మూడోసారి వెళ్ళేసరికి ఆయన లేడు. గిటార్లు ఎవరెవరో బంధువులు తలొకటీ తీసుకెళ్ళారట. ఇప్పుడు నాకు చాలా కార్డ్స్ వచ్చు, ఏ పికప్పు ఏ గొంతో కళ్ళు మూసుకుని చెప్పగలను, కరెంటు ఉన్నప్పుడే. ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల ఎదురైతే, అంత చిన్న వయసులో అంత మంచి నిర్ణయం తీసుకున్నందుకు భుజం తట్టి మెచ్చుకుంటాను. మెచ్చుకుని, చుట్టుపక్కల ఎవరూ వినడం లేదని చూసుకుని, చెవిలో అంటాను: నల్లదాన్ని అడగాల్సిందే, పిచ్చిమొహమా.