గట్టిమేళం వేళ నా ఫోన్

పదిహేనేళ్లు ఒక మ్యూజిక్ కంపెనీలో మేనేజరుగా చేశాను. ఆన్‌లైన్‌లో మా పాటల ముందు ప్రకటనలు వచ్చేలా చూడటమే నా పని. విసుగొచ్చి మానేసి, విజయవాడలో పెళ్లిళ్లకు సన్నాయిమేళాలు కుదిర్చే సంస్థ పెట్టాను. మొదటి పెళ్లి చల్లపల్లిలో.

సన్నాయి వాయించే మస్తాన్ గారు నాతోపాటే వచ్చేశారు. డోలు వాళ్ల ఆటో మాత్రం దారిలో చెడిపోయింది. ముహూర్తం ఆగదు కదా! తాళి కట్టేటప్పుడు తుమ్ములు, చెడ్డమాటలు వినపడకూడదనే గట్టిమేళం వాయిస్తారు. డోలు లేకుండా ఎలా?

"కంగారుపడకండి, ఫోన్‌లో డోలు పెడతాను" అని అందరికీ ధైర్యం చెప్పి, హాలు స్పీకర్లకు నా ఫోన్ తగిలించాను.

పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం!" అన్నారు. నొక్కాను.

"కడుపు ఉబ్బరమా? గ్యాసా?" అంటూ ప్రకటన హాలంతా మోగిపోయింది.

గబుక్కున ఫోన్ పీకేశాను. మస్తాన్ గారే ఊపిరంతా కూడదీసుకుని సన్నాయి అందుకున్నారు. ఆడవాళ్లు పళ్లేలు వాయించారు. పెళ్లికొడుకు నవ్వాపుకోలేక, ఊగిపోతూనే మూడు ముళ్లూ వేశాడు.

పెళ్లికూతురి నాయనమ్మ ముందు తలొంచుకుని నిలబడ్డాను. "పోన్లే అమ్మాయ్, నవ్వుతూనే కట్టాడుగా" అంటూ మిగిలిన అక్షింతలు నా నెత్తిన వేసింది. నా కళ్లు చెమ్మగిల్లాయి.

తిరిగొస్తుంటే మస్తాన్ గారు అన్నారు: "మీరు ఉద్యోగం వదిలేశారు గానీ మేడం, అది మిమ్మల్ని వదల్లేదండీ."

ఇప్పుడు ప్రతి పెళ్లికీ డోలు వాళ్లను నా కారులోనే తీసుకెళ్తున్నాను. ముహూర్తం వేళకి నా ఫోన్ మాత్రం మస్తాన్ గారి జేబులో ఉంటుంది.