మేజర్ నాతో చెప్పించిన మాట

దేవునికి స్తోత్రం. యుద్ధంలో నా ప్రాణం కాచినందుకు, తరువాత మద్రాసులో జరిగినది చెప్పే నోరు మిగిల్చినందుకు.

యుద్ధం ముగిసిన చలికాలంలో నన్ను మద్రాసులో ఒక సైనిక ఆసుపత్రికి నర్సింగ్ పని మీద వేశారు. అదే ఊళ్ళో, చూలైలో మా ఇల్లు ఒక్క బస్సు దూరం. సెలవు లేదు. ఉదయం ఆరింటికి డ్యూటీ. ఖాకీ చొక్కా మోచేతుల దాకా మడత. వార్డులో ఫినాయిల్ వాసన, చలికాలమైనా ఉక్కపోత. గాయాలు కడగాలి, కట్లు మార్చాలి, హిందీ రాని తెలుగు సిపాయిలకు డాక్టర్ల మాట చెప్పాలి.

కిటికీ పక్క మంచం మీద చిత్తూరు వైపు సిపాయి. గుండు తునకలు దిగి కుడికాలు చీము పట్టింది.

కెప్టెన్ డాక్టరు మంచానికి దూరంగా నిలబడి చూసేవాడు. "కాలు పోవచ్చు. చెప్పు," అన్నాడు. చెప్పాను.

"ఆయన మొఖం చూస్తే బాగుండే కాలు గూడా ఊడిపోతాదన్నా," అన్నాడు సిపాయి.

ఆపరేషన్లు చేసే మేజర్ డాక్టరు వేరు. మంచం మీదే కూర్చునేవాడు. చేయి పట్టుకునేవాడు. ఆపరేషన్ ఉదయం నాతో, "చీము తీస్తాం, అంతే. కాలు ఉంటుందని చెప్పు," అన్నాడు.

చెప్పాను. "మీ అమ్మ మీద ఒట్టేసి చెప్పన్నా," అన్నాడు సిపాయి.

"మా సంఘంలో ఒట్లు పెట్టుకోమురా. చెప్పిన మాటే ఒట్టు. ఉంటాది."

"నువ్వు చెప్తే చాలు," అని తనే స్ట్రెచర్ మీదికి జరిగాడు.

మధ్యాహ్నం తెచ్చారు. మోకాలి కింద దుప్పటి పరుపుకు అంటుకుని ఉంది.

మేజర్ గదికి వెళ్ళాను. "లోపల చూశాక కాలు తీయక తప్పలేదా సర్?"

"నిన్ననే నిర్ణయించాం. నిజం చెబితే ఒప్పుకునేవాడు కాదు. ప్రాణం పోయేది."

"నాకైనా చెప్పవలసింది సర్."

"తెలిస్తే నీ మొహమే చెప్పేసేది. వాడు నమ్మింది నన్ను కాదు, నిన్ను. అందుకే నీతో చెప్పించాను." లేచి నా భుజం తట్టాడు, ఎంతో దయగా.

దూరంగా నిలబడ్డవాడు నిజం చెప్పాడు. దగ్గర కూర్చున్నవాడు మా ఇద్దరినీ మోసం చేశాడు. ప్రాణం దక్కించాడు, కాదనను. కానీ ఆయనను క్షమించాలని మోకరిస్తే ఇప్పటికీ నాకు మాట రాదు. చదువుతున్నవారు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఆ మేజర్ కోసం నా బదులు ప్రార్థించండి.

వేసవిలో సైన్యం నుంచి విడుదలై చూలై చేరాను. ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడితే ఆపరేషన్ మరునాటి ఉదయమే కళ్ళ ముందుకు వచ్చింది. నేను థర్మామీటరు పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాను. సిపాయి నా వైపు చూడలేదు. పరేడ్‌లో ఆజ్ఞకు కదిలినట్టు, నోరు మాత్రం తెరిచాడు.