శ్లేష్మం గడిల మంగి

ఈ హాస్టల్ నోటీసు బోర్డు చదివే బీఎడ్ మిత్రులకు ఇయ్యాల్టి సంగతి ఒకటి చెప్పాలె. రక్తం, శ్లేష్మం, రెండు రకాల పిత్తాలను బట్టి మనిషి స్వభావం ఉంటదని పాతకాలపు గ్రీకు వైద్యుల సిద్ధాంతం. దాని ప్రకారం నేను టీచింగ్ ప్రాక్టీసుకు పోయే సూర్యాపేట బడిల పిల్లలను నాలుగు గళ్లల్ల సర్ది సైకాలజీ రికార్డు రాసిన. తండా నుంచి వచ్చే మంగిని శ్లేష్మం గడిల పెట్టిన. "మందకొడి, మాట్లాడదు" అని రాసిన. మా లెక్చరర్ ఎర్రసిరాతో "బాగుంది" అని సంతకం చేసిండు.

ఇయ్యాల ఇంటర్వెల్‌ల అదే మంగి నల్లా కాడ చెల్లెకు లంబాడీ భాషల ఏదో కథ చెప్పుకుంట పడి పడి నవ్వుతున్నది. నన్ను చూసి టక్కున ఆగింది.

"క్లాసుల ఎందుకు మాట్లాడవమ్మా?" అన్న.

చెల్లె జవాబిచ్చింది. "తండా మాట వచ్చిందని పాత సారు కొట్టిండు సార్. అప్పటిసంది అక్క బడిల నోరు తెరుస్తలేదు."

రికార్డు మారుస్తనని లెక్చరర్‌ను అడిగిన. "కొట్టివేతలుంటే మార్కులు పోతయి" అన్నడు. నేను మార్చలేదు.

ఆ నాలుగింటిల భయానికి గడి లేదు. మంగి భయం సంగతి సరే, నా భయాన్ని ఏ గడిల రాయాల్నో మీరే చెప్పండి.