పెద్దమ్మ పటం

మొన్న తలుపులకు రంగు వేయిస్తుంటే టర్పెంటైన్ వాసనకు బొమ్మలాయన గుర్తొచ్చాడు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ఊరూరూ తిరిగి, పోయినవాళ్ల పటాలు గీసేవాడాయన.

నాయన మొదటి భార్య అమ్మకు సొంత అక్క. ఆమెకు ఫోటో లేదు. అందుకని ఆమె చీర అమ్మకు కట్టించి బొమ్మలాయన ముందు కూర్చోబెట్టారు.

"ముక్కొక్కటి సన్నం చెయ్యి. మిగతాదంతా ఇట్నే ఉండేది" అన్నాడు నాయన.

అమ్మ బొమ్మే వేస్తున్నారని నేను మురిసిపోయాను. రంగులు ఆరాక దానికి దండ వేసి, అమ్మ చేత మొక్కించారు.

"నీకు నువ్వే మొక్కుకుంటావేంది మా?" అని అడిగితే నాయన నెత్తిన మొట్టాడు. అమ్మ తలెత్తలేదు.

నేను కాలేజీలో ఉండగా అమ్మ పోయింది. ఆమెకూ ఫోటో లేదు. ఆ పటం దించబోయాను.

"అది మీ పెద్దమ్మది. ముట్టుకోబాక" అన్నాడు నాయన.

ఆ మొహంలో ముక్కొక్కటే పెద్దమ్మది.